ఒంటిగంటా నలభై

2020 సెప్టెంబరు 13. ఆదివారం. టికియాపారా స్టేషన్లో రైలు లేదు.

హౌరాలో బయలుదేరి విశాఖ వైపు, విజయవాడ వైపు వచ్చే బళ్ళకి దారిలో మొట్టమొదట ఎదురయ్యే స్టేషను ఇదే. పెద్ద బళ్ళు ఆగవు. లోకళ్ళు ఆగుతాయి. మామూలు రోజుల్లో పొద్దున్నే ఆ లోకల్ పెట్టెల్లో కాలు పెట్టే సందుండదు. ఇప్పుడు ప్లాట్‌ఫారం బోసిగా ఉంది. లాక్‌డౌన్‌తో మార్చి ఆఖర్లో ఆగిన లోకళ్ళు ఇంకా కదల్లేదు. మహాలయ పక్షం రోజులు. ఒంటికి చొక్కా అతుక్కుపోయే ఉక్క. బేలీలియస్ రోడ్డు పొడుగునా ఉండే ఇనప సామాన్ల షాపులు, లేతు మిషన్ల వర్క్‌షాపులు దాటుకుని పెద్ద రోడ్డెక్కాలి. అక్కణ్ణించి హుగ్లీ నది దాటి కోల్‌కతా చేరాలి. మధ్యాహ్నం రెండింటికి నీట్ పరీక్ష. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు. రైలు లేకుండా ఎలా చేరడం?

ఈ సందుల్లో కూర్చుని చదివిన పిల్లలకి బెంగ అదొక్కటే కాదు. ఏప్రిల్లో హౌరాని రెడ్‌జోన్ అన్నారు. 28న ఇదే బేలీలియస్ రోడ్డు మీద లాక్‌డౌన్ అమలు చేయబోయిన పోలీసుల మీద రాళ్ళు పడ్డాయి. వెనకాలే ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సు దిగింది. ఒంటిగది ఇళ్ళు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, ఆన్‌లైన్ క్లాసూ దాంట్లోనే. కిటికీ తీస్తే పక్కింటి దగ్గు వినపడుతుంది. వినపడితే ఫిజిక్స్ బుర్రకెక్కదు. ఇంత చేసినా పరీక్ష చేతికందినట్టే అంది జారిపోతోంది. మొదట మే 3 అన్నారు. తరవాత జులై 26 అన్నారు. ఆఖరికి సెప్టెంబరు 13. ఇంకా వాయిదా వెయ్యండి మహాప్రభో అని సుప్రీంకోర్టుకి వెళ్తే ఆగస్టు 17న కొట్టేశారు. పశ్చిమ బెంగాల్‌తో కలిపి ఆరు రాష్ట్రాల మంత్రులు మళ్ళీ పరిశీలించమని అడిగారు. సెప్టెంబరు 4న అదీ పోయింది. ఇక తొమ్మిదే రోజులు.

టికియాపారా నుంచి పరీక్షా కేంద్రాలున్న సాల్ట్‌లేక్‌కి ఏరు దాటితే సిటీ బస్సు దూరం. అదే సాల్ట్‌లేక్‌కి రావాల్సిన ఇంకో కుర్రాడు మాత్రం ఆ పొద్దున తెల్లారేసరికి ఇంకా హైవే మీదే ఉన్నాడు.

ఇల్లు వదిలింది శనివారం ఉదయం ఎనిమిదికి. ఊరు బిహార్లోని దర్భంగా. కోల్‌కతా ఏడొందల కిలోమీటర్ల పైమాటే. జేఈఈ, నీట్ రాసే పిల్లల కోసం రైల్వే వాళ్ళు సెప్టెంబరు 2 నుంచి 15 దాకా ఇరవై జతల ప్రత్యేక రైళ్ళు వేశారు. అవి బిహార్ ఊళ్ళ మధ్య తిరిగే బళ్ళు. ఇతని సెంటరు బెంగాల్లో పడింది. దరఖాస్తులు తీసుకున్నది 2019 డిసెంబర్లో. ఫలానా ఊరికి రైలుంటుందా ఉండదా అని అప్పుడెవరు అనుకుంటారు?

లెక్క మాత్రం సరిగ్గానే వేసుకున్నాడు. దర్భంగాలో బస్సు, ముజఫర్‌పూర్లో ఇంకో బస్సు, పట్నాలో మూడోది. పరీక్షకి ముప్పై గంటల ముందు గడప దాటినవాణ్ణి నిర్లక్ష్యం అనలేం.

ముజఫర్‌పూర్ దాటాక రోడ్డు ఆగిపోయింది.

హాజీపూర్ నుంచి పట్నా చేరాలంటే గంగ దాటాలి, ఆ గంగ మీది మహాత్మాగాంధీ సేతువు ఐదున్నర కిలోమీటర్ల పైన పొడవు, 1982 నాటిది, పాతబడిందని విప్పి మళ్ళీ కడుతున్నారు, పడమటి వైపు సగం ఆ జులై 31నే తెరిచారు, తూర్పు సగం పని ఇంకా మిగిలే ఉంది, కాబట్టి ఉత్తర బిహార్లో బస్సెక్కిన ఎవడికైనా పట్నా చేరేదాకా గుండెలో గుబులే. ఆ దారిలో ఆ శనివారం అతను ఎక్కిన బస్సు, ముందు లారీలు, వెనక లారీలు, ఇంజన్లు ఆపేసి కిందికి దిగి నిలబడ్డ డ్రైవర్లు, మాస్కుల కింద చెమట, చేతిలో గంట గంటకీ తిరుగుతున్న వాచీ, అలా దాదాపు ఆరు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది.

రాత్రి తొమ్మిదికి పట్నాలో కోల్‌కతా బస్సు కదిలింది. పోయిన ఆరు గంటలు పోయినట్టే. మిగిలిన రాత్రిలోంచే వాటిని రాబట్టుకోవాలి.

ఆదివారం ఉదయం పదకొండు.

కోల్‌కతాలో సెంటర్ల గేట్లు తెరుచుకున్నాయి. మార్చి నుంచి మూతపడ్డ మెట్రోని ఆ ఒక్క రోజు నీట్ వాళ్ళ కోసమే నడిపారు. హాల్‌టికెట్ చూపిస్తే లోపలికి, వెంట వచ్చినవాళ్ళకీ అనుమతి. మామూలు జనానికి మర్నాటి నుంచి. ముంబైలోనైతే హాల్‌టికెట్ ఉంటే లోకల్ రైళ్ళే ఎక్కనిచ్చారు. హౌరా వైపు లోకళ్ళు మాత్రం కదల్లేదు. టికియాపారా, దాస్‌నగర్, రామ్‌రాజాతలా వైపు పిల్లలకి బస్సే గతి, లేదంటే టాక్సీ, లేదంటే ఎవరిదో బైకు వెనక సీటు. తండ్రి చేతిలో నీళ్ళ సీసా. తల్లి చేతిలో శానిటైజర్. దాని సైజు కూడా రూల్లో రాసుంది: 50 మిల్లీలీటర్లు.

గేటు దగ్గర వరస. ఎవరు ఏ టైముకి రావాలో హాల్‌టికెట్ మీదే ఉంది. నుదుటి మీదకి జ్వరం చూసే తుపాకీ. పొట్టి చేతుల చొక్కా, కాళ్ళకి చెప్పులు, బూట్లయితే బయటే. ఇంటి మాస్కు తీసేసి వాళ్ళిచ్చింది పెట్టుకోవాలి. గదికి ఇరవై నలుగురు కూర్చునే చోట పన్నెండుగురు. అందుకే దేశం మొత్తం మీద 2,546 సెంటర్లు కాస్తా 3,843 అయ్యాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్ళు 15 లక్షల 97 వేల పైచిలుకు. ఎయిమ్స్, జిప్‌మర్ సీట్లకి విడిగా పరీక్షలుండే రోజులు పోయాయి, ఆ ఏటి నుంచి వాటికీ ఇదే గుమ్మం. మూడు గంటలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. వాటి కోసం ఏడాది, రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళ చదువు.

పన్నెండైంది. పన్నెండున్నరైంది. పట్నా బస్సు ఇంకా రాలేదు.

ఒంటిగంటా ఆరు నిమిషాలు. బస్సు అతన్ని సియాల్దా స్టేషను దగ్గర దింపింది.

చేతిలో ఇరవై నాలుగు నిమిషాలు. ఆదివారం, కరోనా, రోడ్ల మీద రద్దీ తక్కువ. అందుతుంది. అందాలి. టాక్సీ ఎక్కాడు.

సియాల్దాకి పడమట నడిచిపోయేంత దూరంలో కాలేజీ స్ట్రీటు. అక్కడ 1835లో పెట్టిన కలకత్తా మెడికల్ కాలేజీ. మన దేశంలో ఇంగ్లీషు వైద్యం చెప్పిన మొదటి కాలేజీల్లో ఒకటి. అప్పటికి నాలుగు నెలలుగా అది కోవిడ్ ఆసుపత్రి. డాక్టరు కావాలనుకునే పిల్లకైనా పిల్లాడికైనా ఆ గేటు ముందు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. కోల్‌కతాలో పరీక్ష రాసినంత మాత్రాన అక్కడ సీటొస్తుందని కాదు. ప్రభుత్వ కాలేజీలో నూటికి ఎనభై ఐదు సీట్లు ఆ రాష్ట్రం వాళ్ళవే, మిగిలిన పదిహేను ఆలిండియా కోటా. దర్భంగా కుర్రాడు ఆ పదిహేనులో నెగ్గుకు రావాలి, లేదా సొంత రాష్ట్రానికి తిరిగి వెళ్ళి అక్కడి సీటు వెతుక్కోవాలి. ఏ కాలేజీ కావాలన్నా ముందు ఇవాళ ఓఎంఆర్ షీటు ముట్టుకోవాలి. టాక్సీ పడమటకి కాదు, తూర్పుకి తిరిగింది.

ఒంటిగంటా పదిహేను.

సాల్ట్‌లేక్ కొత్తవాడికి అంత త్వరగా లొంగే ఊరు కాదు. వీధులకి పేర్లు తక్కువ, బ్లాకులకి ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువ. ఏఏ, బీడీ, సీకే. రౌండు రౌండుకీ ఒకేలాంటి చెట్లు, ఒకేలాంటి మేడలు. ఇక్కడ తిరిగే డ్రైవర్లే కిటికీలోంచి తల బయటపెట్టి అడుగుతారు.

ఒంటిగంటా ఇరవై ఐదు.

గేటు లోపల పిల్లలు అప్పటికే కూర్చున్నారు. టికియాపారా వైపు నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చినవాళ్ళూ, మెట్రోలో వచ్చినవాళ్ళూ, కార్లలో దిగినవాళ్ళూ, అందరి ముందూ ఒకటే బల్ల. బయట తల్లిదండ్రులు చెట్ల నీడల కింద దూరం దూరంగా సర్దుకుంటున్నారు.

ఒంటిగంటన్నర. గేటు పడింది.

ఒంటిగంటా నలభైకి టాక్సీ వచ్చి ఆగింది.

అతను దిగి పరిగెత్తాడు. బతిమాలాడు. దారిలో జామ్ అని చెప్పాడు. ఎక్కణ్ణించి వచ్చాడో చెప్పాడు. పరీక్ష మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. గది లోపల అతని నంబరు రాసిన బల్ల ఖాళీగానే ఉంది. ఆలస్యమైంది అన్నారు. మళ్ళీ బతిమాలాడు. మళ్ళీ అదే మాట.

గేటు దగ్గరున్నవాళ్ళని తిట్టడం తేలిక. ఒకణ్ణి పంపితే రెండోవాడు అడుగుతాడు, రూలు రాసింది వాళ్ళు కాదు. కానీ ఆ రూలు రాసిన బల్ల దగ్గర దర్భంగా నుంచి బస్సులో రావడమంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడైనా కూర్చున్నాడా అన్నది మాత్రం అడక్క తప్పదు.

రెండు గంటలు. పరీక్ష మొదలైంది.

ఒక ఏడాది పోయింది అని విలేకరులతో చెప్పాడు. మర్నాడు ఆ కబురు దేశమంతా చదివింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

రెండు రోజులు గడిచాయి. సెప్టెంబరు 15న ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం కూర్చుంది. ఒక కొత్త ఎయిమ్స్ మంజూరు చేసింది. 1,264 కోట్ల రూపాయలు, 750 పడకలు, 100 ఎంబీబీఎస్ సీట్లు. ఆ ఎయిమ్స్ పెట్టే ఊరు దర్భంగా. దానికి ప్రధాని శంకుస్థాపన చేసేసరికి 2024 నవంబరు 13 అయింది.

కోవిడ్ సోకినందువల్లో, కంటైన్మెంట్ జోన్లో చిక్కుకున్నందువల్లో పరీక్ష రాయలేకపోయిన పిల్లలకి సుప్రీంకోర్టు ఇంకో అవకాశం ఇప్పించింది. అక్టోబరు 14న రాశారు. ట్రాఫిక్ జామ్ ఆ జాబితాలో లేదు. అక్టోబరు 16న ఫలితాలు. ఒడిశా కుర్రాడు షోయబ్ అఫ్తాబ్‌కి 720కి 720, మొదటి ర్యాంకు. తెలంగాణ అమ్మాయి తుమ్మల స్నికితకి 715, మూడో ర్యాంకు. మన ఆంధ్రా అమ్మాయి గుత్తి చైతన్య సింధుకి ఆరో ర్యాంకు. మన పేపర్లు ఆ ఫొటోలు మొదటి పేజీలో వేసుకున్నాయి, వేసుకోవాల్సిందే. రాసినవాళ్ళు మొత్తం 13 లక్షల 67 వేల మంది. అంటే పేరిచ్చి రాయనివాళ్ళు రెండు లక్షల ముప్పై వేలు. అతను ఆ లెక్కలో కలిసిపోయాడు.

టికియాపారా ప్లాట్‌ఫారం మీద మళ్ళీ లోకల్ ఆగింది నవంబరు 11న. పరీక్ష అయి అప్పటికి దాదాపు రెండు నెలలు.

ఇదంతా ఎక్కడో బెంగాల్లో జరిగిందిలే అనుకోనక్కర్లేదు. నిమిషం నిబంధన అంటే ఏమిటో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. మూసిన గేటు పట్టుకుని ఏడ్చే పిల్లల ఫొటో ఏటా మన పేపర్లలో వస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఆదిలాబాద్ జిల్లాలో ఆలస్యమైందని లోపలికి రానివ్వని ఇంటర్ కుర్రాడొకడు ప్రాణం తీసుకున్నాకే, తెలంగాణ ఇంటర్ బోర్డు ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. నీట్‌కి ఆ ఐదు నిమిషాలు కూడా లేవు. గేటు ఇప్పటికీ ఒంటిగంటన్నరకే పడుతుంది.

ముందు రోజే రావాల్సింది కదా అని చాలామంది అన్నారు. ముందు రోజు రావాలంటే ఆ రాత్రి ఎక్కడో పడుకోవాలి. కోల్‌కతాలో గది అద్దె కట్టే స్తోమత ఉంటే మూడు బస్సులు మారి ఎవడొస్తాడు? 2020లోనే ఒడిశా ప్రభుత్వం జేఈఈ, నీట్ పిల్లలకి ఉచితంగా బళ్ళు పెట్టింది, ఉండటానికి చోటు చూపించింది. ఒక రాష్ట్రం చేయగలిగిన పని తక్కినవాళ్ళు చేయలేరా? హాస్టళ్ళు మనకీ ఉన్నాయి, ఆర్టీసీ బస్సులు మనకీ ఉన్నాయి, నీట్ ఎప్పుడో నెలల ముందే తెలుస్తుంది. దూరపు సెంటరు పడ్డ పిల్లకీ పిల్లాడికీ ఆ ఒక్క రాత్రి పడక, ఆ ఒక్క రోజు బస్సు రెండు తెలుగు ప్రభుత్వాలూ పూచీ పడాలి. పడేదాకా, ఇంట్లో నీట్ రాసేవాళ్ళుంటే అప్పో సప్పో చేసి శనివారం చీకటి పడేలోపే వాళ్ళని ఆ ఊరు చేర్చండి.