ఛోడ్, పుఠియా, చందర్వో (జైన భక్తి కుట్టుపని)

జైన ముని వెనుక గోడకు కట్టే కుట్టుపని పరదా పుఠియా, తలపైన కట్టే చాందినీ చందర్వో. ఉపవాస వ్రతం తీరాక జరిపే ఉద్యాపనలో వేలాడదీసేది ఛోడ్. ఇవి ప్రధానంగా గుజరాత్, రాజస్థాన్ శ్వేతాంబర జైనుల ఇళ్ల నుంచి వచ్చిన కానుకలు.

మఖమలునో పట్టునో చట్రానికి బిగించి, జరీ తీగను పైనే పరిచి, సన్న పట్టుదారంతో అడుగడుగునా బిగిస్తారు. తీగ గుడ్డ అడుగుకు పోదు. ఉబ్బెత్తుగా కనబడాలంటే కింద నూలు పేరుస్తారు. కర్నూలు, కడప వీధుల్లో పెళ్లి రవికెల మీద చేసే మగ్గం వర్కుకు ఇది దగ్గరి చుట్టమే. మహావీరుడి తల్లి త్రిశలాదేవి కన్న 14 కలలు, జంట చేపలు, అద్దం వంటి అష్టమంగళాలు ఇష్టమైన బొమ్మలు. కొన్నింటి అంచున దాత పేరు, విక్రమ సంవత్సరం కూడా కుట్టి ఉంటాయి. అవి గుడ్డమీది శాసనాలన్నమాట. పాతబడితే తీగ నల్లబడుతుంది, దాని బరువుకు పట్టు చిరుగుతుంది. వెండి కోసం కాల్చేసిన పాత జరీ గుడ్డలకు లెక్కే లేదు.

గుడ్డ సంగతి అలా ఉంచితే, రాయలసీమలో పాత జైనం ఎక్కువగా రాతిమీదే మిగిలింది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున, దానవులపాడు ఇసుకలో బయటపడ్డ ఆలయంలో తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేక పీఠం దొరికింది. దాన్ని చేయించింది 10వ శతాబ్దపు రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు.