ఉప్పెన యెత్తు

గాంధారి బడిలో నేను తెలుగు చెప్పుచున్న దినములలో ఒక బాలుడు లేచి, "సారూ, సముద్రం మన నిజాంసాగరంత ఉంటదా?" యని యడిగెను. 1931లో మంజీరానదిపై పూర్తియైన యా జలాశయమే వాని కన్నులకు నీటిమేర. నేను దివిసీమలో బుట్టి పెరిగినవాడను. అయినను వెంటనే బదులు చెప్పజాలకపోతిని.

మా నాయనమ్మ బందరు ఉప్పెన కథ చెప్పుచుండెడిది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పట్టణముపై బడగా సుమారు 30,000 మంది మడిసిరి. ఆమెయు జూచినది కాదు, అత్తగారివలన వినినది. మాకది భేతాళకథతో సమానము, వినుచునే నిద్రపోయెడివారము.

1977 నవంబరు 19, శనివారము. ఉదయమునుండియు పెనుగాలి. పొద్దు వాలుచుండగా ఉరుము కాని మ్రోత యొకటి దక్షిణమున వినబడెను. దాని నెరిగినది నాయనమ్మ యొక్కతెయే. "ఉప్పెనరా! మేడెక్కండి!" అని కేకవేసెను. ఊరికంతకు నొక్కటే మేడ. మేమెక్కితిమి. ఆమెను మోసికొని వచ్చుటకు నేను మరల దిగబోవునప్పటికే మెట్లు నీట మునిగియుండెను.

నాడు చనిపోయినవారు పదివేలకు తక్కువ కారందురు. స్తంభములపై నిలిపిన తుపాను రక్షణభవనములు మా తీరమున విరివిగా లేచినది ఆ తరువాతనే. నడుమ గడచిన 113 సంవత్సరములు కథ చెప్పుకొనుటకే చాలినవి కాబోలు!

నిజాంసాగరపు కాలువలక్రింద సేద్యమునకై కోస్తానుండి పూర్వమే వచ్చిన రైతులలో మా మేనమామ యొకడు. మరుసటి యేడు ఆయన పంచను జేరితిని.

ఆ బాలునికి సముద్రపు వైశాల్యము చెప్పలేదు. ఉప్పెన సుమారు 5 మీటర్లు లేచినదని చెప్పి, బడి కప్పు జూపితిని. వాడు కప్పును జూచెను. పిదప తలుపువైపు జూచెను.