ఉర్దూ చదువు, నాగపూర్ బాట

హైదరాబాద్ సంస్థానంలో వందేళ్ల కిందట పై చదువుకు దారులు కొద్దిగానే ఉండేవి. సంస్థానంలోనే ఉండాలనుకుంటే నిజాం కాలేజీ. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. స్తోమత ఉన్నవాళ్లు సంస్థానం దాటేవాళ్లు. బూర్గుల రామకృష్ణారావు పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివారు, సురవరం ప్రతాపరెడ్డి మద్రాసు వెళ్లారు.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ లెక్కను మార్చేసింది. అక్కడ బోధన ఉర్దూలో. దేశభాషలో విశ్వవిద్యాలయ విద్య అన్నది అప్పటికి పెద్ద సాహసమే. దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి చరిత్ర, రసాయనశాస్త్రం, చివరికి వైద్యం పుస్తకాలు కూడా ఉర్దూలోకి తెచ్చారు. శాస్త్ర పదాలకు అరబ్బీ, పారసీ ధాతువులు తవ్వి కొత్త మాటలు కట్టారు. ఆ పండితుల శ్రమను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

కానీ సంస్థానంలో దాదాపు సగం మంది ఇంటి భాష తెలుగు. ఓ వరంగల్ కుర్రాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, తరగతిలో ఉర్దూలో నోట్సు రాసుకుని, తప్పనిసరి సబ్జెక్టుగా ఇంగ్లీషు చదివి పట్టా పుచ్చుకోవాలి. దేశభాష గౌరవం పేరుతో మొదలైన పనిలో తెలుగుకు దక్కింది ఒక శాఖ మాత్రమే. దానికి రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఆచార్యులుగా రావడం ఆ పిల్లల అదృష్టం.

విద్యార్థుల అసంతృప్తి 1938 నవంబరులో మరో కారణంతో బయటపడింది. ఉస్మానియా హాస్టల్ ప్రార్థన మందిరంలో విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు కూడదన్నారు. సమ్మె మొదలైంది, వరంగల్ దాకా పాకింది. వందలమందిని కాలేజీల నుంచి వెళ్లగొట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ పిల్లలను ఆదుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. అప్పటి వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ వాళ్లకు తలుపులు తెరిచారు. ఊరు మరాఠీ, పరీక్ష ఇంగ్లీషు, అయినా వెళ్లారు. వరంగల్‌లో ఇంటర్మీడియట్ చదువుతూ బహిష్కరణకు గురైన పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. ఆయన లా పట్టా కూడా నాగపూర్‌దే. ఆ రోజుల్లోనే జైల్లో దెబ్బలు తింటూ కూడా ఆ గీతం ఆపని రామచంద్రరావుకు వందేమాతరం అన్నది ఇంటిపేరే అయిపోయింది.

అలాగని ఉర్దూ చదువును శాపంగా చూడటం న్యాయం కాదు. సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. తర్వాత అదే ఉస్మానియాలో తెలుగు ఆచార్యులై, తెలుగులో గజళ్లు రాశారు. దాశరథి గాలిబ్‌ను తెలుగు చేయగలిగారంటే ఆ వెనక ఉన్నది చిన్ననాటి ఉర్దూ చదువే. బలవంతంగా నెత్తిన పడ్డ భాషను వాళ్లు ఇష్టంగా సొంతం చేసుకున్నారు.

సంస్థానాన్ని భారత్‌లో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు విద్యార్థికి మళ్లీ పరభాషే. డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడేదాకా ఆ లోటు అలాగే ఉంది. దాని తొలి అధ్యక్షుడు, అంతకు ముప్పయ్యేళ్ల ముందు వరంగల్ కాలేజీ వెళ్లగొట్టిన పీవీ.