ఒక్క రోజు బతికిన ఓట్‌మ్యాన్

2014 మే 12న డెన్మార్క్ పార్లమెంటు ఫోల్కెటింగ్ ఒక కార్టూన్ చిత్రాన్ని విడుదల చేసింది. నిడివి ఒకటిన్నర నిమిషం. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. అందులోని హీరో ఓట్‌మ్యాన్ ఆయుష్షు అంతే. పోయింది బొమ్మ ఒక్కటే అయితే ఇన్నేళ్ల తర్వాత తలుచుకుని బాధపడే పని లేదు.

ఎలాంటి సభ అది! 1915లోనే ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చిన దేశానికి పెద్దదిక్కు. దేశ ఎన్నికలొస్తే అక్కడ ఎవరూ బతిమాలక్కర్లేదు, 2011లో నూటికి 87 మంది వచ్చి ఓటేశారు. అదే జనం యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలనేసరికి ముఖం చాటేస్తారు. 2009లో ఓటేసింది 59.5 శాతమే. మళ్లీ మే 25న పోలింగ్. కుర్రకారు ఈసారైనా వస్తారా అని సభకు బెంగ పట్టుకుంది. ఆ బెంగను నేను తప్పు పట్టను.

కానీ ఏం చూపించారు? కండలు తిరిగిన ఒక మనిషి, పక్క మీద నగ్నంగా ఆడవాళ్లు. అక్కణ్ణించి లేచి, డాల్ఫిన్ల మీద స్వారీ చేస్తూ వచ్చి, ఓటేయని కుర్రాళ్లను వెతికి చితకబాదుతాడు. ఒకడి తల తెగిపడుతుంది. వాళ్లను పోలింగ్ కేంద్రంలోకి విసిరేస్తాడు. కన్నబిడ్డల్లాంటి ఓటర్ల గురించి ఒక చట్టసభ ఊహించుకున్నది ఇదీ.

నా మనసు కలుక్కుమనేది మాత్రం మరో చిన్న ముక్క దగ్గర. ఓట్‌మ్యాన్ కూడా ఒకసారి ఓటు మానేశాడట. ఆ తర్వాత కుమిలిపోయాడు. వాతావరణ నిబంధనలు, వ్యవసాయ సబ్సిడీలు, పిల్లల ఆటవస్తువుల్లో రసాయనాలు, చివరికి తను తినే రొట్టెలో దాల్చినచెక్క, వేటిమీదా తన మాట చెల్లకుండా పోయిందని. ఆ దాల్చినచెక్క కల్పన కాదు. నత్తగుల్లలా చుట్టి కాల్చే తీపి రొట్టె డేన్లకు ప్రాణం. దాల్చినచెక్కలో ఉండే కూమరిన్ మామూలు బేకరీ సరుకులో కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. అంతకుముందు చలికాలంలోనే దాని మీద అక్కడి బేకరీలవాళ్లు లబోదిబోమన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడి చేతిలో ఆ వేడి రొట్టె పెట్టి, ఇందులో ఏం పడాలో నీ ఓటు తేలుస్తుందని చెబితే చాలదా? అంత మంచి మాట చేతిలో ఉండి కూడా, దాన్ని పిడిగుద్దుల కింద తొక్కేశారే!

యువత దృష్టిని పట్టుకోవాలనే ఈ పని చేశామని స్పీకర్ మొగెన్స్ లుక్కెటోఫ్ట్ మొదట సమర్థించుకున్నారు. తర్వాత, తాను గౌరవించే చాలామంది నొచ్చుకున్నారని ఒప్పుకుని, ఇకపై సభ మరింత జాగ్రత్తగా ఉంటుందన్నారు. అప్పటికే ఆ బొమ్మ దేశదేశాలు తిరిగింది, సభ పరువును వెంట తీసుకుని.

మే 25న డెన్మార్క్‌లో ఓటేసినవాళ్లు 56.3 శాతం. ఐదేళ్ల కిందటి కంటే సుమారు మూడు శాతం పాయింట్లు తక్కువ.