వినికిడి, అయాను మార్గాలు, జన్యువులు: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

పుట్టుచెవుడుతో బిడ్డ పుడితే అది పూర్వజన్మ కర్మ అనో, తల్లి దోషమనో అనడం మీరు వినే ఉంటారు. ఈ నిందకు ఆధారం లేదని విజ్ఞానశాస్త్రం ఎలా తెలుసుకుందో ఈ భాగంలో చదువుతారు.

2. చెవిలోని కొల్లేరు

కొల్లేటిని గుర్తు చేసుకోండి. తమ్మిలేరు, బుడమేరు నీటిని తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. రాక ఆగితే సరస్సు ఎండుతుంది, పోక ఆగితే లంక గ్రామాలు మునుగుతాయి. లోపలి చెవిలోని కర్ణావర్తంలో ఉండే అంతరలసిక అనే ద్రవం కూడా ఇలాంటిదే. అందులో పొటాషియం అధికంగా ఉంటుందని 1954లో అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. శబ్దానికి రోమకణాలు కదిలినప్పుడు పొటాషియం అయాన్లు వాటిలోకి ప్రవహించి విద్యుత్ సంకేతం పుడుతుంది. ఈ అయాన్ల రాకపోకలకు దారులు కణపొరల్లోని ప్రోటీన్లు. వాటి నిర్మాణాన్ని జన్యువులు నిర్దేశిస్తాయి.

3. నార్వే కుటుంబం, 1957

నార్వే వైద్యులు ఆంటన్ జెర్వెల్, ఫ్రెడ్ లాంగే-నీల్సన్ 1957లో ఒక కుటుంబాన్ని వర్ణించారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురూ తరచు స్పృహ తప్పేవారు, వారిలో ముగ్గురు హఠాత్తుగా మరణించారు. ఈసీజీలో క్యూటీ వ్యవధి ఎక్కువగా ఉంది. చెవికి, గుండెకు సంబంధమేమిటో తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది. 1997లో కేసీఎన్‌క్యూ1 జన్యువులోని లోపం బయటపడింది. చెవిలో అంతరలసికకు పొటాషియం అందించే మార్గమే గుండె కండరంలోనూ పనిచేస్తుంది.

అదే ఏడాది కణం నుండి కణానికి దారినిచ్చే కనెక్సిన్ 26 ప్రోటీన్‌కు చెందిన జీజేబీ2 జన్యువుకూ చెవుడుకూ సంబంధం తేలింది. ఈ జన్యువులో భారతీయుల్లో ఎక్కువగా కనిపించే మార్పు డబ్ల్యూ24ఎక్స్. దీనివల్ల ప్రోటీన్ తయారీ 24వ స్థానంలోనే ఆగిపోతుంది. 1999లో గుర్తించిన కేసీఎన్‌క్యూ4 రోమకణాల నుండి పొటాషియాన్ని బయటకు పంపే మార్గం, అంటే చెవిలోని ఉప్పుటేరు. అది చెడితే వినికిడి క్రమంగా తగ్గుతుంది.

4. ఆంధ్రలో మేనరికాలు

1957లోనే జె.బి.ఎస్. హాల్డేన్ భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై అధ్యయనాలు ప్రచురించారు. ఒకే పూర్వీకుడి నుండి వచ్చిన జన్యు ప్రతులు రెండూ బిడ్డలో కలిసే సంభావ్యత మేనత్త-మేనమామ పిల్లల వివాహంలో 1/16, మేనమామ-మేనకోడలి వివాహంలో 1/8. అంతర్గత లోపానికి తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగో వంతు. బాధ్యత తల్లి ఒక్కతెది కాదని గమనించండి. మేనరికం లేని ఇంట్లోనూ ఇది సంభవించవచ్చు. రుబెల్లా, మెదడుపొర వాపు వంటి ఇతర కారణాలూ ఉన్నాయి.

5. సారాంశం

పుట్టుచెవుడు గల బిడ్డ పరుగెత్తినప్పుడో, భయపడినప్పుడో స్పృహ తప్పితే దాన్ని మూర్ఛగా సరిపెట్టుకోకూడదు. ఈసీజీ తీయించాలి. సకాలంలో గుర్తిస్తే మందులతో ప్రాణం నిలుపుకునే అవకాశం ఉంది. నార్వే పిల్లల మరణాల నుండి మనకు అందిన పాఠం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒకే జన్యువులోని లోపం చెవిని, గుండెను ఎందుకు దెబ్బతీస్తుంది?
2. పుట్టుచెవుడుకు తల్లిని నిందించడం ఎందుకు తప్పో జన్యుశాస్త్ర ఆధారంతో వివరించండి.