ప్రమాణ నిర్దేశము

గ్రంథకర్త యొక విషయమును నిశ్చయముగా చెప్పినప్పుడు "నీ కిది యెట్లు తెలిసినది?" అని యడుగుట చదువరి హక్కు. ఆ ప్రశ్నకు గ్రంథముననే యుత్తర మొసగుట ప్రమాణ నిర్దేశము.

ఈ యాచారము మనకు క్రొత్తది కాదు. కాళిదాస కావ్యములను వ్యాఖ్యానించిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగువాడు. మూలము లేనిదేదియు వ్రాయనని యాతడు ప్రతిజ్ఞ చేసెను. పదమున కర్థము చెప్పి, తన కాధారమైన నిఘంటువును పేర్కొనుచుండెను. అమరకోశము కంఠస్థమైన పాఠకునకు పేరొక్కటియే చాలును. అచ్చుయంత్రము వచ్చి గ్రంథములు విస్తరించిన పిదప నది చాలదయ్యెను.

ఐరోపాలో గిబ్బను రచించిన రోమక సామ్రాజ్య క్షీణపతన చరిత్రము మొదటి సంపుటము 1776లో వెలువడెను. అందు జ్ఞాపికలు గ్రంథాంతమున నుండెను. మాటిమాటికి చివరకు పుటలు త్రిప్పుట ప్రయాసమనియు, వానిని పుట యడుగుననే యచ్చువేయవలెననియు హ్యూము పండితుడు ప్రకాశకునకు వ్రాసెను. తరువాతి కూర్పులలో నట్లే జరిగెను.

ప్రకృతిశాస్త్రజ్ఞులకు ఎవరు చెప్పిరో తెలిసిన చాలదు. ఎప్పుడు చెప్పిరో కూడ తెలియవలెను. నిన్నటి సిద్ధాంతమును నేటి పరీక్ష త్రోసివేయవచ్చును గదా! 1881లో హార్వర్డు విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు లారెన్సు మార్కు, చిప్పలేని యొక నత్తజాతి యండముల పరిణామమును గూర్చి వ్రాయుచు, రచయిత పేరును సంవత్సరమును వాక్యమధ్యముననే కుండలీకరణములలో నుంచెను. ఆ యంకె చదువరిని గ్రంథపట్టికకు కొనిపోవుననియు, వ్యాసము సుమారెప్పటిదో తత్క్షణమే తెలుపుననియు నాతడే వివరించెను. హార్వర్డు పద్ధతి యని పేరొందిన విధానమునకు చరిత్రకారులు చూపు తొలి యుదాహరణ మిదియే.

1929లో అమెరికా మనస్తత్త్వశాస్త్ర పత్రికలో ప్రకటింపబడిన వ్యాసరచనా నియమములు ఏడు పుటలు. నేడవి వందల పుటల గ్రంథమైనవి. విద్యార్థులు కామా యెచ్చట నుంచవలెనో యని కలవరపడుచు, పేర్కొన్న గ్రంథమును తెఱచి చూచుట మఱచుచున్నారు. ఇతరుల వ్యాసమునుండి ప్రమాణములను దింపుకొని, తామే మూలమును చదివినట్లు చూపువారును గలరు. మూలమున లేని మాట యిట్లు చేతులు మాఱి లోకమున సత్యముగా చెలామణి యగును.

చదువరులారా! విరామచిహ్నము తప్పినచో సంపాదకుడు దిద్దగలడు. చదువని గ్రంథమును సాక్షిగా నిలిపిన దోషమును దిద్దువా డెవడు? కుండలీకరణములోని పేరును సంవత్సరమును అలంకారములు కావు. ఇచ్చటికి పోయి పరీక్షించి చూడుడని చదువరికి వ్రాసియిచ్చిన పత్రము. ఆ పత్రమును వ్రాయువాడు ముందుగా తానచ్చటికి పోయి రావలెను.