క్యాన్సర్ నివారణ కూడా వన్ హెల్తే: బూజు పట్టిన మొక్కజొన్న చరిత్ర

వన్ హెల్త్ మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది రేబిస్, నిపా, బర్డ్ ఫ్లూ రాసి ఆగిపోతాం. క్యాన్సర్ కూడా ఇందులోకి వస్తుందని రాయాలంటే మీకు ఒక బలమైన ఉదాహరణ కావాలి. అఫ్లాటాక్సిన్ కథ అలాంటిదే.

1960లో ఇంగ్లండ్‌లో కొన్ని నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక మొదట దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టారు. చివరికి దోషం మేతలో దొరికింది. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విషం చిమ్మింది. అదే మేత తిన్న ఎలుకలకు కాలేయ క్యాన్సర్ వచ్చింది. అంటే మనిషికి ముందు పక్షీ ఎలుకా హెచ్చరించాయన్నమాట.

ఇక మన దేశానికి రండి. 1974లో పంట చేతికొచ్చే వేళ అకాల వర్షాలు పడ్డాయి. గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల్లో భిల్లుల ఇళ్లలో మొక్కజొన్న బూజు పట్టింది. తినడానికి వేరే గింజ లేదు. కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలైంది. 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. ఆ తిండే తిన్న కుక్కలూ చచ్చాయి. దీని గుట్టు విప్పినవారిలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ముఖ్యులు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 1974 మరణాలు క్యాన్సర్ మరణాలు కావు, ఒక్కసారిగా ఎక్కువ విషం ఒంట్లోకి పోయినందువల్ల జరిగినవి. అదే విషం కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్-బి తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని గ్రూప్ 1లో పెట్టింది. వండినా ఈ విషం పూర్తిగా పోదు.

ఇదంతా బస్తర్‌కు ఎందుకు? కొండగావ్ వైపు మొక్కజొన్న విస్తారంగా పండుతుంది. వాన వెనకాడని ఏడాది గింజ సరిగా ఆరదు. ‘బూజు గింజ తినకండి’ అని చెప్పడం తేలిక. ఇంట్లో మరో గింజ లేనివాడికి ఆ సలహా ఎందుకు? అందుకే 2012 నాటి ఛత్తీస్‌గఢ్ ఆహార భద్రత చట్టాన్నీ నేను క్యాన్సర్ నివారణ కిందే రాస్తాను. ఆరబెట్టే కళ్లం, పొడి గోదాము, హెపటైటిస్-బి టీకా ఆ తర్వాతివి. పశుసంవర్ధక శాఖనూ వదలకండి. మనిషి తినకుండా ఏరేసిన బూజు గింజను పాడి ఆవుకు వేస్తే, విషం ఎం1 రూపంలో పాలలోకి దిగి మళ్లీ ఇంట్లోకే వస్తుంది.